వదిన పడవకు చార్జింగ్ ఎక్కని రోజులు

మా అన్న పటాన్‌చెరులో ఫ్యాక్టరీ పనిలో చేరాక, సింగూరు జలాశయంలో చేపలు పట్టే పని వదిన చేతికొచ్చింది. పడవ చిన్నదే. వెనక తగిలించిన మోటారును తాడు గుంజి స్టార్ట్ చేసేది. వానాకాలంలో చేపల డబ్బా మోస్తూ గట్టు మీద జారిపడి కుడి భుజం దెబ్బతిన్నాక ఆ తాడు గుంజడం ఆమెవల్ల కాలేదు. బటన్ నొక్కాల్సిందే. బటన్‌కు బ్యాటరీ కావాలి. ఆ బ్యాటరీలోనే చార్జింగ్ నిలవడం లేదు.

నేను సుల్తాన్‌పూర్‌లో వైద్య పరికరాలు తయారుచేసే చోట సర్క్యూట్ బోర్డులు పరీక్షిస్తాను. షిఫ్టులో కూర్చున్నా మనసు నీళ్ల మీదే ఉండేది. తిరిగొచ్చే వేళకు వదిన ఫోన్ చేయకపోతే బోర్డు మీద చూపు నిలిచేది కాదు. ఒకరోజు అనుకున్నంతా అయింది. నడిమధ్యలో ఇంజన్ లేవలేదు. గాలికి పడవ తుంగలోకి కొట్టుకుపోయింది. వదిన ఒంటి చేత్తో తెడ్డు వేసుకుంటూ మధ్యాహ్నం దాటాక ఒడ్డెక్కింది.

"ఫోనన్న చెయ్యొద్దా వదినా?" అన్నాను.

"ఉన్న ఒక్క చేతిల తెడ్డుండె. దేంతోని చెయ్యాలె?"

మెకానిక్ మాట విని కొత్త బ్యాటరీ వేశారు. కొన్నాళ్లకే అదీ అలాగే అయింది. ఇంజన్‌లో కరెంటు పుట్టించే కాయిల్ కాలిపోయిందేమోనని ఇంకొకరు అన్నారు. ఇక ఉండబట్టలేక ఆదివారం పొద్దున్నే మల్టీమీటర్ సంచిలో వేసుకుని బస్సెక్కాను.

ఒడ్డునే మోటారును నీళ్లలో ఉంచి నడిపించి, బ్యాటరీకి మీటర్ పెట్టాను. పన్నెండున్నర ఉన్న వోల్టేజి పద్నాలుగుకు పెరిగింది. అంటే కాయిల్ బాగుంది, చార్జింగ్ ఎక్కుతోంది. ఫ్యూజు చూశాను, బ్యాటరీ బిగింపులు గీకి మళ్లీ బిగించాను. ఎక్కడా లోపం లేదు. దాంతో నా గాబరా ఇంకా పెరిగింది. దొరికిన లోపాన్ని బాగుచేయొచ్చు, దొరకనిదాన్ని ఏం చేస్తాం?

"గీడ మంచిగనే ఉన్నదంటవు. నీళ్ల నడుమకు పోంగనే దానికి ఏమొస్తది?" అంది వదిన.

"ఆడికే పోయి చూడాలె."

"నీకు ఈత రాదు గదనే."

మీటర్ చేతబట్టుకుని పడవెక్కాను. వదిన తన లైఫ్ జాకెట్ విప్పి నాకు తొడిగి, పాత గాలి ట్యూబు ఒకటి తన పక్కన వేసుకుంది.

మీటర్ వైర్లు బ్యాటరీకి తగిలించి, అంకెల మీదనుంచి చూపు తిప్పకుండా కూర్చున్నాను. నీళ్ల వైపు చూడదలచుకోలేదు. చాలాదూరం పద్నాలుగు కదల్లేదు. వలల దగ్గర వదిన పడవను ఎడమకు మలిపింది. పన్నెండున్నర. మీటర్ వైరు కదిలిందేమోనని నొక్కి చూశాను. తిన్నగా పోనిస్తే మళ్లీ పద్నాలుగు.

"వదినా, మళ్లా అటే తిప్పు."

తిప్పింది. మళ్లీ పడిపోయింది. వలల వెంట ఆమె తిరిగేదంతా ఎడమవైపే. ప్రతి వల దగ్గరా ఇంజన్ ఆపి మళ్లీ బటన్ నొక్కుతుంది, చార్జింగ్ మాత్రం ఎక్కదు.

ఒడ్డుకొచ్చి ఇంజన్ ఆపాక, అందులోంచి బ్యాటరీకి చార్జింగ్ తెచ్చే సన్న వైరును వేళ్లతో తడుముతూ పోయాను. పడవను మలిపినప్పుడు మోటారు పక్కకు తిరిగేచోట వైరును ఎవరో బిగుతుగా కట్టేశారు. అక్కడే వేళ్లకు మెత్తగా తగిలింది. పైతొడుగు కోస్తే లోపల రాగి పచ్చబారి తెగిపోయి ఉంది. తిన్నగా ఉన్నప్పుడు రెండు కొసలూ ఆనుకుంటున్నాయి, ఎడమకు తిరిగితే విడిపోతున్నాయి. వదిన ఇంటికి పోయి కరెంటు పనిలో మిగిలిన వైరు ముక్క తెచ్చింది. మోటారు ఎటు తిరిగినా లాగకుండా కాస్త వదులు ఉంచి కొత్త వైరు వేశాను.

మళ్లీ బయల్దేరాం. ఎటు మలిపినా పద్నాలుగు నిలిచింది. వలల దగ్గరికి చేరగానే వదిన నన్నడగకుండా ఇంజన్ ఆపేసింది. పడవ మెల్లగా ఊగుతోంది. ఒడ్డు ఎంత దూరమో అప్పుడు చూశాను.

"ఎందుకు ఆపినవ్?"

"రేపు నేనొక్కదాన్నే ఉంట. నువ్వున్నప్పుడే చూడొద్దా?"

బటన్ నొక్కింది. ఒక్క నొక్కుకే లేచింది. వదిన నవ్వి, ఎడమ చేత్తో వల అంచు అందుకుంది. రెండో అంచు నేను పట్టుకున్నాను. ఆ పూట చేపలు బాగానే పడ్డాయి. అయినా ఒడ్డు చేరేదాకా బ్యాటరీ నుంచి మీటర్ వైర్లు తీయలేదు.