మొదటి ప్రశ్న

డ్రైవింగ్ స్కూలు మాస్టారికి ఇరవై ఆరేళ్లుగా ఒకటే ప్రశ్న. "గుద్దావు. బండి ఆపావు. మొదట ఏం చేస్తావు?" ఫొటో తీస్తానన్నవాడూ ఫెయిలే, ఎదుటివాడి నంబరు రాసుకుంటానన్నవాడూ ఫెయిలే. "ముందు మనుషులు, తర్వాతే రేకు! ఎవరికైనా దెబ్బ తగిలిందా అని అడగాలి. మన పక్కన కూర్చున్నవాళ్లనీ అడగాలి" అని బల్ల గుద్ది మరీ చెప్పేవారు. పోలీసులకు ఫోనూ, ఇన్సూరెన్సు వాళ్లకు కబురూ అన్నీ ఆ తర్వాతే.

సొంత కారు మీద మాత్రం ఆయన ఈగను వాలనిచ్చేవారు కాదు. పద్దెనిమిదేళ్లలో దాని మీద ఒక్క గీత పడలేదు. ఆ సంగతి చుట్టాలందరికీ కంఠతా వచ్చు, పాపం.

సోమవారం పొద్దున భార్యను కళ్ల డాక్టరు దగ్గరికి తీసుకెళ్తూ, కూడలిలో ముందు ఆగిన తెల్ల కారును గుద్దేశారు. ఆవిడ చెయ్యి డాష్‌బోర్డుకు కొట్టుకుని "అమ్మా!" అంది. మాస్టారికి మాత్రం హెడ్‌లైటు పగిలిన చప్పుడే వినిపించింది. గుండె చెరువై, దిగి ఫోన్ తీశారు. నిలబడి నాలుగు, వంగి నాలుగు, గొంతుకూర్చుని మూడు, మొత్తం పదకొండు ఫొటోలు.

తెల్ల కారులోంచి దిగింది ఆయన శిష్యురాలే. పోయినేడు మూడోసారికి గట్టెక్కిన పిల్ల. తన కారు వంకైనా చూసుకోకుండా వచ్చి, మాస్టారి కారులో ఆవిడ కూర్చున్న వైపు తలుపు తీసింది.

"దెబ్బ తగిలిందా పిన్నిగారూ?"

"కాస్త జరుగమ్మా, నీ నీడ పడుతోంది" అన్నారు మాస్టారు, ఫోన్‌లోంచి చూస్తూ.

"పిన్నిగారి చెయ్యి వాచిపోయింది మాస్టారూ. ఆస్పత్రికి తీసుకెళ్తున్నా."

"సరే, సరే. నీ బండి నంబరు చెప్పి వెళ్లు."

మధ్యాహ్నం ఇంట్లో ఇన్సూరెన్సు ఫారం ముందేసుకుని కూర్చున్నారు. 'గాయపడినవారు' అన్నచోట ఆలోచించకుండానే 'లేరు' అని రాసేశారు. కింది గడిలో పెన్ను ఆగిపోయింది. 'ప్రమాదం జరిగిన వెంటనే డ్రైవరు మొదట చేసిన పని?' ఇరవై ఆరేళ్లు ఊరందరినీ అడిగిన ప్రశ్నే. ఆయనకు తల కొట్టేసినట్టయింది.

నాలుగింటికి భార్య వచ్చింది, కుడి చేతికి మోచేతి దాకా కట్టుతో.

"నొప్పిగా ఉందా?" అన్నారు మాస్టారు, నేల చూపులు చూస్తూ.

"పొద్దున పదింటికి అడగాల్సింది కదండీ అది? అంతసేపూ మీ వైపే చూస్తూ కూర్చున్నాను, ఇటు తిరుగుతారేమోనని."

ఆవిడ ఫారం లాక్కుని చదివింది. 'లేరు' దగ్గర కాసేపు ఆగింది. ఎడమ చేత్తో పెన్ను పట్టుకుని, ఖాళీ గడిలో తనే రాసింది.

'ఫొటోలు తీశారు.'

అక్షరాలు వంకరటింకరగా ఉన్నాయి గానీ, చదవడానికి ఏ ఇబ్బందీ లేదు. మాస్టారు దాన్ని కొట్టెయ్యలేదు. పైగడిలో 'లేరు' కొట్టేసి, 'నా భార్య' అని రాశారు.