పక్క వీధి దాకా సాగిన సింగపూర్ ప్రయాణం

మా అత్త సింగపూర్ చూడాలనుకున్నది సింగపూర్ మీద మోజుతో కాదు. ఆమె తోడికోడలు, అంటే మా చిన్నత్త, పన్నెండేళ్ళ కిందట కూతురితో కలిసి అక్కడికి వెళ్ళి వచ్చింది. వెళ్ళింది ఐదు రోజులు, చెప్పడం పన్నెండేళ్ళు. కోయంబత్తూరులో మా పీళమేడు వైపు ఏ పెళ్ళి జరిగినా, పంక్తిలో చిన్నత్త పక్కన కూర్చున్నవాళ్ళు రసం వడ్డించేలోపు సింగపూర్ మొత్తం తిరిగి రావాల్సిందే. "ఆడ రోడ్డు మీద అన్నం వేసుకొని తినొచ్చు, అంత సుద్దం" అనేది. మా అత్త తల దించుకొని ఆకులోని పొరియల్ కూర మీద మనసు పెట్టేది. ముప్పై ఏళ్ళుగా ఆమెకు కోడలినైన నాకు ఆ మౌనం సంగతి బాగా తెలుసు.

అందుకే ఆమెకు డెబ్బై నిండాక ముగ్గురికి టికెట్లు తీశాం, ఆమెకూ, నాకూ, మా ఆయనకూ. టూరు ఏజెంటు ట్రావెల్ ఇన్సూరెన్స్ కూడా అంటగట్టాడు. ఆ పాలసీ కాగితాలు చదివితే ఇల్లు కదలబుద్ధి కాదు. పెట్టె పోయినా, పన్ను విరిగినా, విమానాన్ని ఎవరైనా ఎత్తుకుపోయినా వాళ్ళు చూసుకుంటారట. మనమే పోతే శవాన్ని భద్రంగా ఇంటికి చేరుస్తారట. ఎంత మర్యాదో! బయలుదేరకముందే ప్రభుత్వం విమానాలు ఆపేస్తే డబ్బు వాపసు ఇస్తామని కూడా ఒక మూల రాసి ఉంది. ప్రభుత్వానికి వేరే పని లేదా అని నవ్వుకున్నాం.

అత్త మాత్రం తనకు తెలిసిన ఇన్సూరెన్స్ తాను చేసుకుంది. విమానం ఎక్కాల్సిన రోజు అష్టమి. అష్టమినాడు మా ఇళ్ళల్లో పొల్లాచ్చి బస్సు కూడా ఎక్కరు. దానికి విరుగుడు ప్రస్థానం. ముందుగా ఒక మంచి రోజు చూసి, సంచిలో చీర, కాస్త బియ్యం, పసుపుకొమ్ము పెట్టి ఇంకొకరి ఇంట్లో ఉంచితే ఆ ఘడియకే ప్రయాణం మొదలైనట్టు. ఆ తరవాత మనిషి ఏ రోజు కదిలినా దోషం లేదు. కాకపోతే ప్రయాణం ముగిసేదాకా ఆ సంచి తిరిగి ఇంట్లోకి రాకూడదు. శుక్రవారం పొద్దున తొమ్మిదికి, రాహుకాలం రాకముందే, అత్త సంచి పట్టుకొని పక్క వీధికి నడిచింది. అదీ ఎవరింటికి? చిన్నత్త ఇంటికి. ఊళ్ళో ఇంకో ఇల్లే లేదా అని అడిగాను.

"ఆ ఇల్లే దా కావాల. నా సంచిని అది దినమూ చూడాల గదా" అంది.

తరవాతి వారం మహమ్మారికి భయపడి దేశమంతా తలుపులు మూసుకుంది. విమానాలు ఆగిపోయాయి. సింగపూర్ మాట దేవుడెరుగు, పక్క వీధికి పోవాలన్నా పోలీసులకు సంజాయిషీ చెప్పుకోవాల్సి వచ్చింది. చిన్నత్త రోజూ సాయంత్రం ఫోను చేసేది. "అక్కా, నీ సంచి బాగుండాది. నువ్వే దా ఇంకా పయనం రాలేదు" అనేది. అత్త విసురుగా ఫోను పెట్టేసేది. మర్నాడు నాలుగు కాగానే ఆ ఫోను పక్కనే కూర్చునేది.

క్లెయిమ్ కాగితాలన్నీ నేనే పంపాను. కొన్నాళ్ళకు కంపెనీ నుంచి ఒక అమ్మాయి ఫోను చేసి, పాలసీ ఎవరి పేరున ఉందో ఆవిడతోనే మాట్లాడాలంది. తమిళంలో ఎంతో ప్రేమగా, "ఎప్పుడు బయలుదేరారమ్మా?" అని అడిగింది.

"శుక్రవారం తొమ్మిదికే" అంది అత్త గర్వంగా.

నేను చేతులు ఊపాను. ఇంకా గట్టిగా చెప్పమంటున్నానని అనుకొని, ఆమె మళ్ళీ అరిచి చెప్పింది. ఎందాకా వెళ్ళారని ఆ అమ్మాయి అడిగింది. పక్క వీధి దాకా అని అత్త నిజమే చెప్పింది. పది రోజులకు ఉత్తరం వచ్చింది. ప్రయాణం మొదలైందని మీరే ఒప్పుకున్నారు కనుక రద్దు కింద డబ్బు రాదు, మధ్యలో ఆగిన ప్రయాణం కింద కావాలంటే తిరిగి వచ్చిన టికెట్టు పంపండి అని. పక్క వీధి నుంచి తిరుగు టికెట్టు ఎవరిస్తారో కూడా చెప్పి ఉంటే బాగుండేది.

ఫోను చేసి, బయలుదేరలేదని ఒక్క మాట చెప్పమని అత్తను బతిమాలాను. "మొదలు పెట్టిన పయనాన్ని లేదని నా నోటితో చెప్పను. చెప్పితే అది జరగనే జరగదు" అంది. నాకు ఒళ్ళు మండిపోయింది. రెండు రోజులు ఆమెతో మాటలు మానేశాను. ఆమె హాయిగా భోంచేసింది.

ఇక నేనే ఇంగ్లీషులో మూడు ఉత్తరాలు రాశాను. ప్రయాణం చేసింది చీర మాత్రమేననీ, చీరకు మేము పాలసీ తీసుకోలేదనీ వివరించాను. మూడో ఉత్తరం తరవాత ఒక ఆఫీసరు ఫోను చేశాడు. నేను మధ్యలో మా ఆయన్ని తెలుగులో ఏదో కసిరితే విని, ఆ ఆఫీసరు తమిళం వదిలి మన భాషలోకి దిగాడు. "మీ ఇంట్లోనూ తెలుగేనా అమ్మా? మాది మదురై. పరస్తానం పెట్టకుండా మా అవ్వ దిండిగల్ కూడా పోదు." వారంలో క్లెయిమ్ పాసైంది. నా మూడు ఉత్తరాల ఇంగ్లీషు చేయలేని పని ఎవరో మదురై అవ్వ చేసింది.

డబ్బు చేతికొచ్చిన నెలలోనే ఆ జబ్బు రెండోసారి విరుచుకుపడింది. చిన్నత్తను ఆసుపత్రికి తీసుకెళ్ళారు. ఏ తిథో ఎవరూ చూడలేదు. తొమ్మిదో రోజు పోయింది. మమ్మల్ని చూడనివ్వలేదు. ఆమె గొప్పలకు అన్నేళ్ళు నవ్వుకున్న నేను ఆ రోజు వంటింట్లో కూర్చొని ఏడ్చాను. అత్త ఏడవలేదు. సాయంత్రం నాలుగింటికి ఫోను దగ్గర కూర్చుంది, అంతే.

విమానాలు మళ్ళీ తిరుగుతున్నాయని తెలియగానే నేను కంప్యూటరు ముందు కూర్చొని అత్తను పిలిచాను. మంచి రోజులే చూశాను, ఈసారి సంచి కూడా అక్కర్లేదు, టికెట్లు తీసేయనా అని అడిగాను.

"వద్దు. పోయి వచ్చి ఎవరికి చెప్పేది?" అంది.

"నాకు చెప్పండి అత్తా" అన్నాను. నేనూ ఆమె పక్క సీట్లోనే కూర్చుంటానన్న ఇంగితం కూడా లేకపోయింది నాకు.

ఆమె నా తల నిమిరింది. ముప్పై ఏళ్ళలో అదే మొదటిసారి.

"నువ్వు వింటావులే అమ్మణీ" అంది. "నీకు కుళ్ళు పుట్టదు గదా."