ఖాళీ బండిలో భీమ్‌గల్‌కు

నిజాం రోజుల్లో, ఆర్మూరు గంజి, అంటే పంటలు అమ్మే బజారు, పెద్దదవుతున్న కాలంలో, మా చిన్న పల్లె పట్నం చివర గుట్టల కింద ఉండేది. అందరం పసుపు, మక్కజొన్న పండించేవాళ్లమే. మా ఇంటికీ పక్కింటికీ మధ్య గోడ లేదు. రెండిళ్లకూ ఒకటే వాకిలి. అమ్మ తన పొయ్యి దగ్గర కూర్చుని ఏదైనా అంటే, పక్కింటి చిన్నమ్మ తన పొయ్యి దగ్గరి నుంచే జవాబు చెప్పేది.

ఆమె మాకు చుట్టం కాదు. నేను పుట్టిన నెలలోనే ఆమెకు బిడ్డ పుట్టి పోయింది. అమ్మ బాలింత జ్వరంతో లేవలేకపోతే, చిన్నమ్మ ఏడుపు దిగమింగుకుని నన్ను ఒళ్లో వేసుకుని పాలిచ్చిందట. ఆమెకు మళ్లీ కాన్పు కాలేదు. నేను ఆ ఇంట్లో తిని, ఈ ఇంట్లో పడుకుని పెరిగాను. ఎవరి బిడ్డవని అడిగితే ఇద్దరి బిడ్డనని చెప్పేదాన్ని.

నాకు కాస్త ఊహ తెలిసేసరికి గంజికొచ్చే బండ్లు మా పల్లె దాకా బారులు తీరసాగాయి. చిన్నమ్మ ఇల్లు బాట పక్కనే ఉంది. ఒక సేటు ఆ జాగాలో గోదాము కట్టుకుంటానని అడిగాడు. భీమ్‌గల్‌లో ఉన్న చిన్నమ్మ అన్నదమ్ములు, అక్కడికొస్తే సాగుకు భూమి చూపిస్తామన్నారు. ఆమె భర్త, మా చిన్నాయన, సరేనన్నాడు.

వాళ్లు బయలుదేరిన పొద్దున అమ్మ వాకిట్లోకి రాలేదు. చిన్నమ్మే లోపలికొచ్చింది.

"అక్కా, పసుపు అమ్మనీకి ఏటేట వస్తం గద. గప్పుడు నీ ఇంట్లనే బువ్వ తింట."

అమ్మ ఆమె కొంగు పట్టుకుంది.

గోదాము లేచింది. వాకిలి మధ్యలో పెద్ద రాతిగోడ వచ్చింది. అమ్మ వంట చేస్తూ అలవాటు కొద్దీ ఏదో అనేది. జవాబు రాకపోయేసరికి తల వంచుకుని పొయ్యిలోకి కట్టె ఎగదోసేది.

మరుసటి ఏడు చిన్నమ్మ పసుపు బండి మీద వచ్చింది. వాళ్ల బస్తాలు దించింది ఆ గోదాములోనే. "నేను పండుకున్న జాగల నా పసుపు పండుకున్నది" అని నవ్వబోయి ఏడ్చేసింది. మా ఇంట్లో రెండు ముద్దలైనా సరిగా తినలేదు.

ఆ పై ఏడు చిన్నాయన ఒక్కడే వచ్చాడు.

"చెల్లె రాలేదా?" అమ్మ ఆత్రంగా అడిగింది.

"రానన్నది వదినా. గా గోడ జూస్తే పానం దీస్కపోయినట్లయితదట."

అమ్మ ఆయనకు బువ్వ పెట్టింది. తర్వాత నాన్న దగ్గరికి వెళ్లింది.

"నేను గీ ఖాళీ బండ్ల భీమ్‌గల్ పోతున్న. బిడ్డను గుడ తోల్కపోత."

"పెండ్లా, పేరంటమా? ఏం పనున్నదని?"

"పనేం లేదు. జూసి రావాలె."

అమ్మ అప్పటిదాకా ఏ ఊరికీ పోతానని అడిగి ఎరగదు. నాన్న కాసేపు గడ్డం రుద్దుకున్నాడు. ఆ తర్వాత మేం కూర్చోడానికి బండిలో గడ్డి పరిచాడు.

గుట్టలు, చెరువులు దాటుకుంటూ పోయి పొద్దుగూకే వేళకు చేరుకున్నాం. చిన్నమ్మ నీళ్ల బిందెతో ఎదురొచ్చింది. మమ్మల్ని చూసి ఆమె ముఖం తెల్లబోయింది.

"ఏందక్కా గిట్లొచ్చిండ్రు? ఎవలన్న సచ్చిపోయిండ్రా?"

"ఎవలు సావలే. నువ్వు రాలేదని నేనే వచ్చిన" అంటూ అమ్మ ఆమె నెత్తి మీది బిందె దించింది.

ఉన్న రెండు రోజులూ వాళ్లిద్దరూ ఎండలో మిగిలిన పసుపు తిరగేశారు. చిన్నమ్మ నాకు తల దువ్వి, విప్పి, మళ్లీ దువ్వింది. మేం తిరిగొచ్చేటప్పుడు ఊరి పొలిమేర దాకా బండి పట్టుకుని నడిచింది.

"మల్లెప్పుడొస్తవు బిడ్డా?"

"పసుపు ఎండినప్పుడు వస్త చిన్నమ్మా."

వెళ్లలేకపోయాం. మరుసటి ఏడు నాయనమ్మ మంచాన పడింది. ఆ పైన మా ఇల్లూ గంజిలో కలిసిపోయి, మేం పట్నంలోని ఒక ఇరుకు గల్లీకి మారాం. నా పెండ్లికి చిన్నమ్మ వస్తుందని అమ్మ పీటల మీద నన్ను కూర్చోబెట్టాక కూడా బాట వైపే చూసింది. అప్పటికే చిన్నమ్మ లేవలేని స్థితిలో ఉందని, చిన్నాయన వచ్చి చెబితే గానీ మాకు తెలియలేదు. ఆ ఎండాకాలం దాటకుండానే పోయింది.

ఇప్పటికీ పసుపు ఎండే రోజుల్లో నాకు భీమ్‌గల్ పోవాలనిపిస్తుంది. అక్కడ నన్ను ఎరిగినవాళ్లు ఎవరూ మిగల్లేదు.