నాయన తల్లికి వేసిన ఆకు

చిన్నీ, నువ్వు ఫోన్లో పంపిన వంశవృక్షం చూశాను. బాగా గీశావు. పైన ఒక గడి ఖాళీగా ఉంది, అవ్వ మర్చిపోయిందా అని అడిగావు. మర్చిపోలేదు. మా నాయనను కన్న తల్లి పేరు నాకు తెలుసు. ఆ గడి అలాగే వదిలేయమని మీ నాన్నకు నేనే చెప్పాను. ఎందుకో ఫోన్లో చెబితే సగం వినపడదు, మీ తమ్ముడు మధ్యలో లాక్కుంటాడు. అందుకే రాస్తున్నాను. ఇద్దరూ కలిసి చదవండి.

దయ్యాలు, గాలి సోకడం లాంటివి నేనెప్పుడూ నమ్మలేదు. చిత్తూరులో ఆస్పత్రి నర్సుగా ముప్పై ఏళ్లు చేశాను. ఎంతమంది కళ్లు ఈ చేత్తో మూశానో. శవం ఉన్న గది పక్కనే కూర్చుని టిఫిన్ డబ్బా తెరిచి తిన్నాను. ఏ రోజూ నాకేమీ కనపడలేదు, వినపడలేదు.

మా ఇంట్లో దయ్యాన్ని చూసిన మనిషి ఒక్కరే, మా నాయన. నగరిలో మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని నేస్తూ ఆ సంగతి చెప్పేవాడు. ఆయనకు మూడేళ్లప్పుడట. మిట్టమధ్యాహ్నం ఒక ఆడమనిషి గడప అవతల నిలబడి ఆయన్ను పేరు పెట్టి పిలిచిందట. ఇంట్లో వాళ్లంతా కేకలు పెట్టారట. దయ్యం పిలిస్తే పలకకూడదని ఎవరో ఆయన నోరు మూశారట.

"నేను పలకలే. పలికింటే నన్ను ఎత్తుకోని పొయ్యుండేది," అని నవ్వేవాడు.

ఆయన్ను పెంచింది సవతి తల్లి. మేము అవ్వ అని పిలిచింది ఆమెనే. మంచి మనిషి. ఆమె తాళితో పాటు ఒక చిన్న బంగారు బిళ్ళ ఉండేది. సవతి బిళ్ళ అంటారు. మొదటి భార్య చనిపోయి ఇంకో పెళ్లి చేసుకుంటే, పోయినామె గుర్తుగా రెండో భార్య మెడలో అది కడతారు. అవ్వ కొత్త చీర కట్టే ముందు ఆ బిళ్ళకు పసుపు, కుంకుమ పెట్టి, చీర దానికి ఆనించి, తర్వాతే తను కట్టుకునేది. అంత మర్యాద చేసిన మనిషి కూడా ఆ పోయినామె పేరు ఎన్నడూ చెప్పలేదు. అడిగితే, "పోయినోళ్ల పేరు నీకెందుకు మే, పోయి కండెలు చుట్టు," అనేది.

నాయన మంచాన పడ్డాక ఒకరోజు నన్ను దగ్గరికి పిలిచాడు.

"మహాలయ అమావాస్యకు మా నాయనను పేరు పెట్టి పిలస్తా. మీ అవ్వను పిలస్తా. మాయమ్మను మాత్రం ఊరికే అమ్మా అంటా వచ్చినా. అమ్మా అంటే ఎవురొస్తారు, అందురూ అమ్మలే గదా. ఆమె పేరు కనుక్కోని ఒక్కసారి పిలువు మ్మే."

ఆయన నన్ను ఏదైనా కావాలని అడగడం అదొక్కసారే. సరేనన్నాను. ఆయన పోయేలోపు కనుక్కోలేకపోయాను.

తర్వాత చాలా తిరిగాను. చిత్తూరులో పాత ఇంటి కాగితాల నకళ్లు తీయించాను. తాత పేరుంది, తాత వాళ్ల నాయన పేరుంది, పక్కింటి వాళ్ల పేర్లున్నాయి, పెరట్లో బావి సంగతి కూడా ఉంది. ఆడవాళ్ల పేరు ఒక్కటీ లేదు. బంధువుల్లో పెద్దవాళ్లను అడిగితే ఒకరు ఇంకొకరి మీద చెప్పేవారు. ఆ ఇంకొకరు పోయి ఉండేవారు. ఆమె పుట్టిల్లు వడమాలపేట వైపని మాత్రం తెలిసింది.

నేను స్నానాల గదిలో జారి మణికట్టు విరగ్గొట్టుకున్నది మీకు గుర్తుండాలి. నర్సువై ఉండి పుత్తూరు నాటు కట్టుకు పోతావా అని మీ నాన్న కోప్పడ్డాడు. అయినా పోయాను. అక్కడ వరుసలో నా పక్కన ఒకామె కూర్చుంది. వడమాలపేట దగ్గర పల్లె అంది. పొద్దుపోక మా నాయన తల్లి సంగతి చెప్పాను. ఆమె నన్ను కిందికీ పైకీ చూసింది.

"నగరిలో బతికుండంగానే బిళ్ళ కట్టినారే, ఆ ఇంటోళ్లా మీరు?"

నాకు చేతి నొప్పి కూడా తెలియలేదు. ఆ కథ తెలిసిన ముసలామె తమ పల్లెలో ఉందని, ఇల్లు ఎక్కడో గుర్తులు చెప్పింది.

మరుసటి వారం కట్టు చేతితోనే పోయాను. ఆ ముసలామె మా నాయనకు మేనమామ కూతురు. నాకు చిన్నమ్మ వరుస. తొంభైకి దగ్గర, చూపు లేదు. నేనెవరో చెప్పగానే నా చేయి పట్టుకుని కట్టు మీద తడిమింది.

"నగరి నుంచి ఈ ఇంటికొచ్చేవాళ్లు అందురూ పుత్తూరు కట్టుతోనే వస్తారా మే?" అంది.

చిన్నమ్మ చెప్పింది ఇది. నాయనకు రెండేళ్లప్పుడు ఆయన తల్లి బండి మీద నుంచి పడి కాలు విరగ్గొట్టుకుంది. పుత్తూరులో కట్టు కట్టించి, నడిచేదాకా ఉండమని పుట్టింటికి తెచ్చారు. బిడ్డను నగరిలోనే ఉంచుకున్నారు. అంతలో పల్లెలో అమ్మవారు, అంటే మశూచి, పోసింది. రాకపోకలు ఆగిపోయాయి. ఇంట్లో ఆమె చెల్లెలు చనిపోయింది. పుత్తూరు సంతలో ఎవరో ఆ ఇంటి ఆడబిడ్డ పోయిందన్నారు. ఆ మాట నగరికి చేరేసరికి కోడలే పోయిందని అయింది. అమ్మవారు పోసిన ఊరికి చూడ్డానికి ఎవరూ రాలేదు. దినాలు చేశారు. చంటిబిడ్డ ఉన్న ఇల్లు కదా, ఎక్కువ రోజులు ఆగలేదు. ఇంకో పెళ్లి చేసి, కొత్త కోడలి మెడలో బిళ్ళ కట్టారు.

కాలు కుదిరాక ఆమె కుంటుకుంటూ నగరికి పోయింది. గడప దగ్గర నిలబడి కొడుకును పిలిచింది.

"పిల్లోని నోరు మూసినారంట. చీపురు తీసుకోని వచ్చినారంట. దానికి గూడా ఆమె కదల్లేదు. లోపల్నించి కొత్త కోడలు వచ్చింది సూడు, ఆమె మెడలో బిళ్ళ చూసింది. ఇంగ ఒక్క మాట మాట్లాడకుండా తిరిగొచ్చేసింది."

ఆమె అన్న నగరికి పోయి పంచాయితీ పెడతానన్నాడట. చచ్చినామె తరఫున ఏం పంచాయితీ అని ఆమే ఆపిందట. ఇంకో పదేళ్లకు పైగా ఆ ఇంట్లోనే బతికింది. చిన్నమ్మ చిన్నప్పుడు ఆమె పక్కలోనే పడుకునేదట. తను బతికే ఉన్నానని నగరికి కబురు చేయనివ్వలేదు. వాళ్లకు ఎప్పటికైనా తెలిసిందో లేదో చిన్నమ్మకు కూడా తెలియదు.

"పేరు పెట్టి పిలిస్తే పలికేది కాదు మే. ఆ పేరు గలామెకు నగిరోళ్లు దినాలు గూడా చేసేసినారు, నన్నెందుకు పిలస్తారు అనేది. మేమంతా అత్తా అనే అంటాంటిమి. ఆమె పోయినాక మాయమ్మ నాకు చెప్పింది పేరు."

అది నా చెవిలో చెప్పింది. ఇంట్లో ఇంకెవరూ లేరు, అయినా చెవిలోనే చెప్పింది.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో కూర్చుని నాయన నవ్వుతూ చెప్పిన మాటలే తలుచుకున్నాను. తొంభై ఏళ్లు దాటి బతికి, చిన్నప్పుడు దయ్యాన్ని చూశానని నలుగురికీ చెప్పి పోయాడు. మా అవ్వ ఎన్ని చీరలు ఆ బిళ్ళకు ఆనించిందో. అందులో కొన్ని, ఆ చీరలు చేరాల్సిన మనిషి ఇరవై మైళ్ల లోపల నడుస్తూ తిరుగుతున్నప్పుడే.

ఆ ఏడు మహాలయ అమావాస్యకు నగరిలో మా తమ్ముడి ఇంటికి పోయాను. మా ఇళ్లలో ఆ రోజు పోయినవాళ్లకు ఆకులు వేసి, వండినవన్నీ వడ్డించి, ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలిచి, తలుపు మూసి బయట కూర్చుంటాం. వాళ్లు తినిపోయే వ్యవధి ఇచ్చి తలుపు తీసి, అదే మనం ప్రసాదంగా తింటాం.

తాతకు, అవ్వకు, అమ్మకు, నాయనకు వేశాం. నాయన పక్కన ఆమెకు వేశాను. ఆకు ముందర కొత్త చీర, చీర మీద, అవ్వ పోయాక ఇంట్లో దాచి ఉంచిన ఆ బిళ్ళ పెట్టాను. అందరినీ పిలిచి, చివరగా ఆమె పేరు పిలిచాను. మా ఇంట్లో అన్నేళ్ల తర్వాత ఆ పేరు పలికింది నేనే.

తలుపు మూశాం. ఆ గదికి ఒకటే తలుపు. మరమగ్గాల దుమ్ము పడుతుందని కిటికీకి ఎప్పుడూ గడియ వేసే ఉంటుంది. దీపం ఆరుతుందని ఫ్యాను ఆపాం. ఇంట్లో నేను, తమ్ముడు, మరదలు, ముగ్గురమే. ముగ్గురం తలుపు ముందరే కూర్చున్నాం. పావుగంట. పట్టపగలు. లోపల చప్పుడేమీ లేదు.

తలుపు తీస్తే మిగతా నాలుగు ఆకులూ వేసినవి వేసినట్టే ఉన్నాయి. ఆమె ఆకు మడిచి ఉంది.

శుభకార్యాల్లో తిన్నాక ఆకు మనవైపుకు మడుస్తాం. చావు భోజనంలో అవతలివైపుకు మడుస్తాం. అది అవతలివైపుకు మడిచి ఉంది. విప్పి చూశాను. అన్నం, వడ, పాయసం వడ్డించినట్టే ఉన్నాయి, ఒక్క మెతుకు చెదరలేదు. అప్పుడే కోసిన అరిటాకు ఊరికే మడిస్తే మళ్లీ లేస్తుంది. ఇది చేత్తో ఒత్తినట్టు అణిగి ఉంది. చీర, బిళ్ళ కదల్లేదు. దీపం వెలుగుతోంది.

"పిల్లి దూరింటాది," అన్నాడు తమ్ముడు.

"పిల్లయితే వడ తింటాది గానీ ఆకు మడస్తాదా?" అంది మరదలు.

అతను మంచం కింద, బియ్యం డ్రమ్ము వెనక అంతా వెతికాడు. పిల్లి లేదు. కాసేపటికి మరదలి వైపు తిరిగి, వడ్డించి వచ్చేటప్పుడు నువ్వే మడిచింటావు అన్నాడు. "నాకు ఆకు వేసేది తెలీదా," అని ఆమె ఏడ్చినంత పని చేసింది. తలుపు మూసేముందు చివరగా చూసింది నేను. ఆకు విప్పే ఉంది.

మరుసటి ఏడు పేరు పిలవలేదు. మా నాయనను కన్నతల్లీ అన్నాను, అంతే. ఆకు వేసినట్టే ఉంది. ఆ తర్వాతి ఏడూ అంతే. నర్సుగా చేసిన బుర్రతో ఎన్నో రకాలుగా ఆలోచించాను. ఏదీ పొసగలేదు. ఆమె వద్దనుకున్న పేరు మళ్లీ నా నోటితో అనలేను, అందుకే ఇక్కడా రాయలేదు.

నాయన అడిగింది మాత్రం చేశాను. ఒక్కసారి పిలిచాను. ఆమె వచ్చిందనే అనుకుందాం. నాయన ఆకు, ఆమె ఆకు మోచేతులు తగిలేంత దగ్గరగా వేశాను. ఆమె తినకుండా లేచిపోయేలోపు, పక్కన కూర్చున్నది ఎవరో ఆ ఇద్దరిలో ఒక్కరైనా గుర్తుపట్టారా?