మెట్ల హోటల్ తెల్ల గుడ్డలు

ఎదురుపడితే ఊళ్ళోవాళ్ళు అక్కా అనేవాళ్ళు, అటు తిరగగానే మరకలక్క అనేవాళ్ళు. ఆ సంగతి ఆమెకు తెలియకపోలేదు. తెలిసినా పట్టించుకోలేదు. ఇరవై రెండేళ్ళుగా ఆ ఊళ్ళోని ఏడు హోటళ్ళ టేబుల్ గుడ్డలూ, చేతులు తుడుచుకునే గుడ్డలూ ఆమె లాండ్రీకే వస్తున్నాయి. సోమవారం పొద్దున్నే వ్యాన్‌లో మూటలు దిగుతాయి. వెనక గదిలో రెండు పెద్ద మెషీన్లు ఉన్నా, ప్రతి గుడ్డనూ ముందు ఆమె తన చేత్తో విప్పి, కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టి చూడాల్సిందే. ఏ మరకకు చన్నీళ్ళు, దేనికి వేణ్ణీళ్ళు, దేనికి నిమ్మరసం, దేనికి బట్టల సోడా అన్నది ఆమెకు కొట్టిన పిండి. ముందు గది భర్త రాజ్యం. పొడవాటి బల్ల ముందు నిలబడి రేడియో వింటూ ఇస్త్రీ చేస్తుంటాడు.

ఇన్నేళ్ళలో ఆ ఏడు హోటళ్ళలో ఒక్కదానిలోనూ ఆమె కూర్చుని తిన్నది లేదు. వేళ కుదరక కొంత, బిడియం కొంత. అంతమాత్రాన అభిప్రాయాలకు కొదవేమీ లేదు. మూట విప్పిందంటే నోరు ఊరుకోదు.

"స్టేషన్ ఎదురు హోటల్ వాళ్ళు మళ్ళీ వంటవాణ్ణి మార్చారండీ. నూనె ఎలా కారిందో చూడండి. పాతాయన చేపలు వేయిస్తే చుక్క మరక ఉండేది కాదు."

"ఊఁ," అనేవాడు భర్త ముందు గదిలోంచి.

"మార్కెట్ వెనక హోటల్లో సూపు వట్టి నీళ్ళు. గుడ్డ మీద పడగానే పాకిపోయింది. చిక్కగా చేస్తే పడ్డచోటే కూర్చోదూ?"

"ఊఁ."

వైన్ల సంగతైతే ఇక చెప్పక్కర్లేదు. ఊరి చుట్టూ చిన్న చిన్న ద్రాక్షతోటలున్నాయి. ఎవరి తోటది వాళ్ళకు గొప్ప. కొండ తోట వైన్ పడితే వంకాయ రంగు మరక పడుతుంది, రెండు ఉతుకులకు గానీ వదలదు. ఏటి ఒడ్డు తోటదైతే లేత ఎరుపు మరక, చన్నీళ్ళు తగిలితే మాయం. "కొండ తోటది వైనంటే వైను. ఏటి ఒడ్డుది తాగేబదులు ఏటి నీళ్ళే తాగొచ్చు," అని ఆమె ఏనాడో తేల్చేసింది. రెంటిలో ఏదీ ఆమె నాలుక మీద పడలేదన్నది వేరే విషయం.

ఈ మాటలు ఆ గది దాటకపోతే గొడవే ఉండేది కాదు. కానీ సోమవారాలే ఆసుపత్రి నర్సు కూడా దుప్పట్లు తెచ్చేది. పాతికేళ్ళ పిల్ల, నవ్వుమొహం, నోట్లో నువ్వుగింజ నానదు.

"అక్కా, ఆదివారం మా అన్నయ్యా వదినా వస్తున్నారు. భోజనానికి ఎక్కడికి తీసుకెళ్ళమంటావు?"

"పార్కు పక్కదానికి తీసుకెళ్ళు. అక్కడ పిల్లలు బాగా తింటున్నారు, గుడ్డల నిండా చిన్న చిన్న చేతి గుర్తులే. మెట్ల హోటల్‌కి మాత్రం వెళ్ళకు."

"అదేం?"

మరకలక్క ఆ హోటల్ గుడ్డ ఒకటి తీసి దులిపింది. "చూడు, మీ ఆసుపత్రి దుప్పట్ల కంటే తెల్లగా ఉంది. ఆత్రంగా తినేవాళ్ళు ఒక్క చుక్కయినా ఒలకబోసుకోరా? వాళ్ళ తిండి ఉప్పూ కారం లేకుండా ఉంటుందన్నమాట."

నర్సు కట్లు కడుతూ, ఇంజెక్షన్లు చేస్తూ ఆ మాట రోగులకు చెప్పింది. సూది నొప్పి మరిపించడానికి ఆమెకు తిండి కబుర్లను మించిన మందు లేదు. రోగులు ఇళ్ళకెళ్ళి చెప్పుకున్నారు. అప్పటికింకా దాన్ని ఎవరూ వేదవాక్కుగా తీసుకోలేదు. తీసుకునేట్టు చేసింది వంతెన హోటల్ యజమాని.

అతనిది భారీ విగ్రహం, భారీ గొంతు. ఆ ఏడాది అతను హోటల్ ముందు "మా దగ్గర కొండ తోట వైన్ దొరుకును" అని పెద్ద బోర్డు పెట్టించాడు. నెల తిరక్కుండానే మరకలక్క నర్సుతో, "అది కొండ తోటదని ఎవరన్నారు? అందులో ద్రాక్ష కంటే రంగే ఎక్కువ," అంది. వారంలో ఆ మాట తిరిగి తిరిగి వంతెన చేరింది. మరుసటి రోజే అతను చంకలో సీసా పెట్టుకుని లాండ్రీలోకి దూసుకొచ్చాడు.

"ఏమ్మా, నా వైన్ రంగు నీళ్ళన్నావట?"

ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టి భర్త ఒకడుగు ముందుకొచ్చాడు. ఆమె చేతులు తుడుచుకుంటూ తాపీగా వచ్చింది.

"అన్నాను."

"నువ్వు తాగి చూశావా?"

"నాకెందుకండీ తాగడం? ఇలా రండి."

అతణ్ణి వెనక గదిలోకి తీసుకెళ్ళి రెండు గుడ్డలు పరిచింది. ఒకటి స్టేషన్ ఎదురు హోటల్‌ది, దాని మీద అసలు కొండ తోట వైన్ మరక. రెండోది అతని హోటల్‌ది. రెండింటి మీదా బట్టల సోడా కలిపిన నీళ్ళు చెంచాతో పోసింది. చూస్తుండగానే మొదటి మరక వంకాయ రంగు పోయి బూడిద కలిసిన నీలంలోకి తిరిగింది. రెండోది పెళ్ళికూతురి బుగ్గలా అలాగే గులాబీ రంగులో ఉంది.

"ద్రాక్ష మరక ఏదైనా సోడా తగిలితే నీలమైపోతుంది. ఇరవై రెండేళ్ళుగా చూస్తున్నా. మీది మారట్లేదు."

అతను చంకలోని సీసా మూత తీసి, తనే మూడో గుడ్డ మీద కాస్త ఒంపాడు. తనే సోడా నీళ్ళు పోశాడు. కాసేపు వంగి చూశాడు. మరక గులాబీ రంగులోనే ఉండిపోయింది. అంత పెద్ద మనిషీ అక్కడున్న బట్టల మూట మీద కూలబడ్డాడు.

"కొండ తోటవాళ్ళ బంధువునని చెప్పాడమ్మా. నెలనెలా వాడే తెచ్చి పోస్తున్నాడు. నేను నమ్మాను."

"సరేలెండి, తాగినవాళ్ళకి ఏమీ కాలేదు కదా," అని ఆమె అతనికి మంచినీళ్ళిచ్చింది.

అతనిది దాచుకునే స్వభావం కాదు. ఆ బంధువుగాణ్ణి తరిమేసి, తనే కొండెక్కి తోటవాళ్ళ దగ్గర వైన్ మాట్లాడుకొచ్చి, దాన్నీ ఆమె సోడా నీళ్ళతో చూపించుకున్నాడు. ఆపైన వచ్చిన ప్రతివాడికీ ఈ కథ చేతులు తిప్పుతూ చెప్పాడు. "మా వైన్ మరకలక్క పాసు చేసింది," అనేవాడు. ఊరు ముక్కున వేలేసుకుంది. ఇక ఆమె మాటకు తిరుగు లేదు. రొట్టెల దుకాణంలో, క్షౌరశాలలో, బస్సు కోసం నిలబడ్డచోట, "మరకలక్క ఏమందట?" అన్నదే ప్రశ్న. ఆమె కూడా, అబద్ధమెందుకు, కాస్త ఉబ్బింది. నర్సు అడక్కముందే చెప్పడం మొదలుపెట్టింది.

ఆ వేసవిలో మెట్ల హోటల్ మూట చిక్కిపోసాగింది. ఇరవై గుడ్డలు వచ్చేచోట పన్నెండు వచ్చాయి. తర్వాత ఎనిమిది. "చూశారా, నేను చెప్పలేదూ?" అంది భర్తతో. ఆయన ఈసారి ఊఁ అనలేదు.

ఒక సోమవారం ఆ మూట వ్యాన్‌లో రాలేదు. పదిగంటలప్పుడు ఒకావిడ దాన్ని సంచిలో పెట్టుకుని నడిచి వచ్చింది. యాభై దాటిన మనిషి, పొట్టిగా ఉంది. మోచేతుల దాకా మడిచిన చొక్కా చేతులు, మణికట్టు మీద పాత కాలిన మచ్చ.

"మెట్ల హోటల్ నాదేనండీ, వంటా నేనే. ఆరు గుడ్డలే కదా, వీటికి వ్యానెందుకని నేనే తెచ్చాను," అంది. కుర్చీ చూపిస్తే కూర్చుంది. "మిమ్మల్ని ఒకమాట అడగాలి. మా తిండి బాగాలేదన్నారట. మీరెప్పుడొచ్చారో నాకు గుర్తు రావట్లేదు, వంటింట్లో ఉండుంటాను. ఏది బాగాలేదో చెబితే సరిచేసుకుంటాను," అంది.

గొంతులో కోపం లేదు. నిజంగానే తెలుసుకుందామని వచ్చింది. వంతెన హోటలతనిలా అరిచి ఉంటే మరకలక్కకు జవాబు నాలుక చివరే ఉండేది.

"నేను... రాలేదండీ."

"రాలేదా?"

"ఎప్పుడూ రాలేదు. మీ గుడ్డలు చూసి అన్నాను. మరకలే ఉండవు కదా, ఎవరూ ఇష్టంగా తినట్లేదనుకున్నాను."

ఆవిడ చిన్నగా నవ్వింది. "అయ్యో, మరకలు నేనే తీసేస్తానండీ. మా అమ్మది కూడా మీ పనే. ఎండిపోయిన మరకలు రుద్దీ రుద్దీ ఆవిడ వేళ్ళు ఎప్పుడూ పగిలి ఉండేవి. అందుకని జనం లేవగానే గుడ్డ తీసి నీళ్ళలో పడేస్తాను. పచ్చిగా ఉన్నప్పుడైతే ఎంతసేపు? ఉతికేవాళ్ళకి శ్రమ ఉండదు కదా."

ముందు గదిలో రేడియో ఆగిపోయింది.

మరకలక్కకు తల కొట్టేసినట్టయింది. ఇన్నేళ్ళుగా ఆ మూట విప్పినప్పుడల్లా ఇందులో పనేం లేదని హాయిగా పక్కన పడేసేది. ఆ హాయి ఎక్కడినుంచి వచ్చిందో ఒక్కనాడూ ఆలోచించలేదు. పైగా ఎవరు తన చేతులు కాపాడారో వాళ్ళ పొయ్యి మీదే నీళ్ళు పోసింది.

"నేను పప్పులో కాలేశానండీ," అంది చివరికి. "ఆదివారం మేమిద్దరం భోజనానికొస్తాం. బిల్లు మాత్రం తీసుకోవాలి."

"తీసుకోకపోతే నాకెలా గడుస్తుంది?" అని ఆవిడ లేచింది.

ఆదివారం మధ్యాహ్నం భార్యాభర్తలు ఇస్త్రీ మడత నలగని బట్టలేసుకుని, మార్కెట్ వీధి నుంచి పైకెళ్ళే రాతి మెట్ల మధ్యలో ఉన్న ఆ హోటల్‌కి వెళ్ళారు. లోపల పది టేబుళ్ళు. రెండింటి దగ్గరే మనుషులున్నారు. కిటికీ పక్కన కూర్చున్నారు. ముందు చిక్కుడుగింజల సూపు వచ్చింది, చెంచా నిలబడేంత చిక్కగా. తర్వాత ఉల్లిపాయలతో సన్నటి సెగ మీద ఉడికిన మాంసం, వేడి రొట్టె. మరకలక్క ఒక్క ముక్క నోట్లో పెట్టుకుని భర్త వంక చూసింది. ఆయన రొట్టెతో పళ్ళెం తుడుస్తూ లొట్టలేస్తున్నాడు. ముప్ఫై ఏళ్ళ కాపురంలో ఆయన అంత శ్రద్ధగా తినడం ఆమె చూడలేదు. కొంచెం కుళ్ళుకుంది కూడా.

"వైన్ ఏమిమ్మంటారు?" అడిగింది వంటావిడ.

"మీరు ఏది పోస్తారు?"

"ఏటి ఒడ్డు తోటది. ఈ వంటకి అదే నప్పుతుంది."

మరకలక్క నాలుక కరుచుకుంది. గ్లాసు అందుకుని పిల్లి పాలు తాగినట్టు కొద్దిగా చప్పరించింది. చల్లగా, కాస్త పుల్లగా, వెనకాల ఎక్కడో తియ్యగా ఉంది. మాంసం కొవ్వును నోట్లోంచి కడిగేసినట్టుంది. మరో గుక్క తాగింది. అంతకాలం ఏమన్నదో తలచుకుంటే నవ్వొచ్చి, మూడో గుక్క గొంతుకు అడ్డం పడింది.

"ఎలా ఉంది?" అన్నాడు భర్త.

"ఏటి నీళ్ళలా మాత్రం లేదు."

సోమవారం నర్సు రాగానే ఆమె చెప్పేసింది. "మెట్ల హోటల్ గురించి నేనన్నది తప్పు. తినకుండా వాగాను. నిన్న తిన్నాను. ఈ ఊళ్ళో అంత మంచి వంట ఇంకోటి ఉందో లేదో, మిగతా ఆరూ తిన్నాక చెబుతాను."

నర్సు అనుమానంగా చూసింది. "అక్కా, నీకు అక్కడ ఊరికే పెట్టారా?"

"బిల్లు చూపించనా?"

చెడ్డమాట పరుగెత్తినట్టు మంచిమాట పరుగెత్తలేదు. మరకలక్క మెత్తబడిందని కొందరు, ఆ వంటావిడ ఆమెకు దూరపు చుట్టమని కొందరు అన్నారు. వంతెన హోటలతను వచ్చి, "నా పాసు మాట ఉన్నట్టేనా?" అని కంగారుగా అడిగి వెళ్ళాడు. మాటల వల్ల కాదని ఆమెకు అర్థమైంది. ప్రతి ఆదివారం మధ్యాహ్నం భర్తను వెంటబెట్టుకుని అదే కిటికీ పక్కన, మెట్ల మీద వెళ్ళేవాళ్ళకు కనబడేలా కూర్చోవడం మొదలుపెట్టింది. ఎవరైనా తొంగిచూస్తే పళ్ళెం కాస్త ఎత్తి చూపించేది. మూడోవారం నర్సు వచ్చింది. ఐదోవారం నర్సు అన్నావదినలూ, వాళ్ళ పిల్లలూ వచ్చారు. ఆ తర్వాత ఆసుపత్రిలో సూదులు పొడిపించుకున్న ప్రతివాడికీ ఉల్లిపాయల మాంసం గురించి వినక తప్పలేదు.

చలికాలం మొదలయ్యేసరికి మూట మళ్ళీ వ్యానెక్కింది. ఇరవై నాలుగు గుడ్డలు. జనం తాకిడికి వంటావిడకు నానబెట్టే తీరిక లేదు. మరకలక్క వాటిని చన్నీళ్ళలో వేసి, విసుక్కోకుండా ఒక్కొక్కటే రుద్దింది. "ఇక మీరు నానబెట్టకండి, ఇది నా పని," అని వ్యాన్ మనిషి చేత కబురు కూడా పంపింది.

ఆ తర్వాతి ఆదివారం ఇద్దరూ వెళ్ళేసరికి కిటికీ పక్కనే కాదు, ఎక్కడా ఖాళీ లేదు. గుమ్మం బయట మెట్ల మీద ఇంకో నలుగురు నిలబడి ఉన్నారు.

"ఇరవై రెండేళ్ళకి హోటల్ భోజనానికి అలవాటుపడితే కూర్చోడానికి చోటు లేదు," అని ఆమె మూతి ముడుచుకుంది. ముడుచుకున్న మూతిలోంచే నవ్వు తన్నుకొస్తోంది.

వంటావిడ లోపలినుంచి చూసి, చేతిలో రెండు పళ్ళేలతో బయటికొచ్చింది. "అరగంట పడుతుంది, ఏమనుకోకండి. అందాకా ఈ రొట్టె తింటూ ఉండండి."

ఇద్దరూ ఎండ పడుతున్న మెట్టు చూసుకుని కూర్చున్నారు. పక్కన నిలబడ్డ పోస్ట్‌మాన్ వంగి, "అక్కా, లోపల ఈరోజు ఏం బాగుంటుందంటావు?" అని అడిగాడు.

ఆమె నోరు తెరిచేలోపే భర్త అందుకున్నాడు. ఉల్లిపాయలు ఎంతసేపు వేగాలో, సూపులో చిక్కుడుగింజలు ఎందుకు సగమే చిదపాలో, ఏ గ్లాసుతో మొదలుపెట్టాలో వరసగా చెప్పుకుపోతున్నాడు. మరకలక్క ఆయన వాటా రొట్టె కూడా తినేసి, మెట్టుకు వీపు ఆనించి వింటూ కూర్చుంది.