డిఫరెన్షియల్ కోసం చీమకుర్తి వెళ్లిన రోజు

మా అంబాసిడర్ వెనక ఇరుసు మధ్యలో ఉండి చక్రాల్ని తిప్పే డిఫరెన్షియల్ పళ్లు విరిగిపోయాయి. చీరాల నుంచి వాడరేవుకి మనుషుల్ని తిప్పుతూ అన్నయ్య ఆ కారు మీదే బతికేవాడు. చీమకుర్తిలో ఒకాయన ఇంటి వెనక అలాంటిదే పాత కారు మూలన పడి ఉందని తెలిసింది. ఆయనతో బేరం కుదుర్చుకుని, దాని డిఫరెన్షియల్ విప్పుకు రావడానికి ఇద్దరం బయల్దేరాం. నేను బళ్లో టీచర్ని. అంతకుముందు స్టెప్నీ మార్చడం కూడా ఎరగను. సన్నగా ఉంటానని కారు కిందికి దూరే పని నాకు పడింది.

వెనక భాగాన్ని జాకీతో లేపి గ్రానైట్ ముక్కల మీద నిలబెట్టాం. చక్రాలు తీసి, రెండు పక్కలా ఉన్న పొడుగాటి ఇనప షాఫ్టులు బయటికి లాగాం. ముందు ఆయిల్ వదిలెయ్యాలని ఇద్దరికీ తెలియదు. నేను వెల్లకిలా పడుకుని నట్లు వదులు చేసేసరికి కంపు కొట్టే నల్లటి నూనె మొహం మీదికి కారింది. కళ్లు తుడుచుకుంటుంటే పైన అద్దం భళ్లున పగిలింది.

"ఎవడ్రా నువ్వు? మా నాన్న కారు మీద చెయ్యేస్తావా?"

కింద నుంచి నాకు కాళ్లే కనిపిస్తున్నాయి. వచ్చినవాడు మాతో బేరం కుదుర్చుకున్నాయన తమ్ముడు.

"మీ అన్నగారే అమ్మారండి. ఆయన్ని అడగండి" అన్నాడు అన్నయ్య.

"అమ్మడానికి వాడెవడు?"

రాళ్లు కొట్టే సమ్మెట డోరు మీద పడింది. కారంతా నా మీద ఊగింది.

"కింద మా చెల్లుందయ్యా! ఆగు!" అంటూ అన్నయ్య అడ్డం వెళ్లాడు. తర్వాతి దెబ్బ అన్నయ్య ముంజేతి మీద పడింది. ఎముక విరిగిన చప్పుడు నాకు వినిపించింది.

పాక్కుంటూ బయటికొచ్చి, చేతికందిన షాఫ్టు ఎత్తి ఆ సమ్మెట పట్టినవాడి మోకాలి మీద కొట్టాను. పడిపోయాడు. మళ్లీ ఎత్తాను. ఈసారి తల మీదికే.

అతను నా వైపు చూడనే లేదు. పగిలిన అద్దంలోంచి వెనక సీటుకేసి చూస్తున్నాడు. "ఆసుపత్రికి తీసుకెళ్తుంటే నాన్న అందులోనే పోయాడు. నా ఒళ్లోనే" అన్నాడు.

షాఫ్టు దించేశాను. అంతలో వాళ్లన్న పరిగెత్తుకొచ్చి, కింద పడ్డ తమ్ముణ్ణి బెల్టు ఊడదీసి బాదడం మొదలుపెట్టాడు.

"ఇంక చాలండి! చచ్చిపోతాడు!" అని నేను మధ్యలోకి దూరాను. బెల్టు బకిల్ నా భుజాన్ని చీల్చింది. రక్తం చూశాక ఆయన చెయ్యి ఆగింది.

గ్రానైట్ లారీ క్యాబిన్‌లో నలుగురం ఒంగోలు ఆసుపత్రికి వెళ్లాం. గుంత వచ్చినప్పుడల్లా అన్నయ్యా అతనూ కలిసే మూలిగారు. పోలీసులకి ఎవరమూ చెప్పలేదు.

కొన్నాళ్లకి తమ్ముడే కబురు పెట్టాడు: "వెనక సీటు మాకుంచి, కావలసింది తీసుకెళ్లండి." వెళ్లగానే మొదట ఆ సీటు విప్పి వాళ్ల వసారాలో పెట్టాం. వాళ్లమ్మ అందులో ఇరుక్కున్న గాజుపెంకులు ఏరుతూ కూర్చుంది.

ఇంటి దగ్గర అన్నయ్య కట్టుకట్టిన చేత్తో చూపిస్తుంటే డిఫరెన్షియల్ నేనే బిగించాను. నేను గేరు వెయ్యగానే బండి కదిలింది. అన్నయ్య పిల్లాడిలా కేకేశాడు. నేను మాత్రం ఆ తమ్ముడి తల మీదికి షాఫ్టు ఎత్తడం గుర్తొచ్చి, బండి ఆపి, స్టీరింగ్ మీద తల పెట్టి ఏడ్చాను.