అప్పనపల్లి దగ్గర ఒక పెంటపోగు, మూడు రోజులు

కోనసీమకి జనం గుడి కోసమో, గోదావరి కోసమో వెళతారు. నేను పోయిన నెల పేడ చూడడానికి వెళ్లాను. దీనికి మూలం చాలా ఏళ్ల కిందటి ఒక గృహప్రవేశం. కొబ్బరిచెట్ల కింద పచ్చిపేడ పోగు పెట్టవద్దని, చెట్టు మొవ్వు తొలిచే కొమ్ము పురుగు అందులో గుడ్లు పెడుతుందని నా బావమరిది సత్తిబాబుకి చెప్పాను. అతను పంక్తిలో అందరూ వినేలా, "మా బావగారు గేదెనెప్పుడూ ముట్టుకోలేదు గానీ పేడ గురించి పుస్తకాలన్నీ చదివేరండి" అన్నాడు. విస్తళ్ల ముందు కూర్చున్న వాళ్లంతా నవ్వారు. ఎవరెవరు నవ్వారో నాకు ఇప్పటికీ గుర్తే.

ఆ సత్తిబాబే ఫోన్ చేశాడు. అతనికి పద్నాలుగు గేదెలున్నాయి. వాటికి గడ్డి పెంచేది పక్కింటి డేవిడ్ మాస్టారి కొబ్బరితోటలో, కౌలుకి. మాస్టారి చెట్లకి పురుగు పట్టింది. ఆదివారం ప్రార్థన అయ్యాక వచ్చి చూస్తానని, పురుగుల పోగు అలాగే ఉంటే కౌలు వదులుకోమని ఆయన చెప్పేశారట. తోట పోతే గడ్డి పోతుంది, గడ్డి పోతే గేదెలు అమ్ముకోవాలి. సాయం చేద్దామని బయల్దేరాననుకుంటే పొరపాటు. చూద్దామని వెళ్లాను.

శుక్రవారం పొద్దున్న రాజమండ్రిలో అమలాపురం బస్సు ఎక్కాను. జొన్నాడ దగ్గర గోదావరి దాటి, రావులపాలెం, కొత్తపేట మీదుగా రెండున్నర గంటల ప్రయాణం. ఎడమవైపు కిటికీ దొరికితే ఎండ తప్పదు, కుడివైపు కూర్చోండి. అమలాపురంలో రాజోలు బస్సు మారి మామిడికుదురులో దిగితే, అప్పనపల్లికి షేర్ ఆటోలు ముప్పై రూపాయలకి వస్తాయి. బాలబాలాజీ దర్శనానికాండీ అని డ్రైవరు అడిగాడు. కాదు, పేడ చూడడానికన్నాను. "ఆయ్" అని ఇంకేమీ అడగకుండా బండి తీశాడు. ఈ జిల్లా మర్యాదలో నాకు నచ్చేది ఇదొక్కటే.

పోగు నేను ఊహించినట్టే ఉంది. సత్తిబాబు పెరట్లో, మాస్టారి తోట సరిహద్దు కంచె దగ్గర, రెండు కొబ్బరిచెట్ల మొదట్లో, మనిషెత్తున. ఇక్కడి రైతులు పేడని ఏడాది పొడుగునా ఒకచోట పోసి, వేసవిలో ఒక్కసారి బళ్లకెత్తుతారు. ఈ మధ్యలో దాన్నెవరూ కదపరు. పురుగుకి కావలసింది అదే. పైకి చూస్తే మాస్టారి చెట్ల మట్టలు కత్తెరతో కోసినట్టున్నాయి.

డేవిడ్ మాస్టారు రిటైరైన హెడ్మాస్టరు. కంచె అవతల నిలబడి, దీన్ని ఈరోజే తవ్వవచ్చు కదా అన్నారు. సత్తిబాబు తల గోక్కున్నాడు. శుక్రవారం పేడ గుమ్మం దాటితే లక్ష్మి దాటిపోతుందని వాళ్ల ఇంట్లో పట్టింపు.

"నీకు శుక్రవారం సెలవు, నాకు ఆదివారం సెలవు. పురుక్కి మాత్రం ఏ సెలవూ లేదు సత్తిబాబూ" అన్నారు మాస్టారు.

ఆయన ఇంట్లోకి వెళ్లాక నేను నోరు విప్పాను. పేడ గుమ్మం దాటక్కర్లేదు, పెరట్లోనే చెట్లకి దూరంగా, ఎండలోకి జరిపితే చాలన్నాను. పోగులా కాదు, నడుమెత్తున పొడవాటి వరుసలా. పేడ ఒక పొర, కొబ్బరిపొట్టు, ఎండుగడ్డి ఒక పొర, పైన నీళ్ల చిలకరింపు. గాలి ఆడితే లోపల కాక పుడుతుంది. ఆ కాకలో పురుగూ బతకదు, కలుపు గింజా బతకదు. చల్లారినప్పుడల్లా పైది లోపలికి, లోపలిది పైకి తిరగేయాలి. రెండు మూడు నెలల్లో నల్లగా, తడిమట్టి వాసనతో ఎరువు దిగుతుంది. గడ్డి కోసిన ప్రతిసారీ మొదళ్లకి చల్లితే మళ్లీ చిగురిస్తుంది. సత్తిబాబు నా మొహం చూడలేదు గానీ పార తెచ్చాడు. అతను వెళ్లి అడిగితే మాస్టారు తన తోటలోని కొబ్బరిపొట్టు కంచె మీదుగా అందించారు, ఉచితంగా కాదు, దిగిన ఎరువులో సగం ఆయన చెట్లకి అన్న షరతు మీద. పోగు అడుగున బొటనవేలంత తెల్లటి పురుగులు బయటపడ్డాయి. కోళ్లు ఆ సాయంత్రం గూటికి ఆలస్యంగా వెళ్లాయి.

లోపలి కాక తెలియడానికి వరుసలో ఒక గునపం గుచ్చి ఉంచమన్నాను. శనివారం అది గోరువెచ్చగా ఉంది. సత్తిబాబు రాత్రి సరిగా తినలేదని వాళ్లావిడ చెప్పింది. నేను బాగానే తిన్నాను, పనసపొట్టు కూర.

ఆదివారం మాస్టారు తెల్లబట్టల్లోనే చర్చి నుంచి నేరుగా వచ్చారు. సత్తిబాబు గునపం లాగి ఆయనకి అందించాడు. ఆయన కొస పట్టుకుని వెంటనే వదిలేశారు. తర్వాత వరుస పొడుగునా నడిచి, రెండుచోట్ల కర్రతో కెలికి చూశారు.

"కౌలు ఉంచుకో. ఇలా తిరగేస్తున్నంతకాలం నాకేం అభ్యంతరం లేదు. ఇంతకీ ఎవరు చెప్పేరు నీకిది? శుక్రవారం నేను పొట్టు ఇచ్చేటప్పటికే మొదలెట్టేసేవు."

"యూట్యూబులో చూసేనండి" అన్నాడు సత్తిబాబు.

నేను పక్కనే కుర్చీలో ఉన్నాను. వాళ్లావిడ నా వైపు ఒకసారి చూసి, ఇంకో గ్లాసు టీ పెట్టి వెళ్లింది. తాగి, మధ్యాహ్నం బస్సుకి వచ్చేశాను.

తిరుగు ప్రయాణంలో ఆలోచించాను. ఆ గేదెలు ఇక అమ్మరు. తోటలో కొత్త మట్టలు నిండుగా వస్తాయి. పేడ కుళ్లడానికి ఎవరి పేరూ అక్కర్లేదు. నాకు కావాలి, కానీ అది ఎరువు తప్పు కాదు. ఇలాంటి పని చూడడానికో, చేయించడానికో వెళ్లేవారికి ఒక సలహా: వరుసలో గునపం గుచ్చి, ఒక టీ తాగేంతసేపు ఆగి తీయండి. చేతికి పట్టుకోలేనంత వేడిగా ఉంటే వదిలేయండి, చల్లగా వస్తే తిరగేయండి. ఆ గునపాన్ని మాత్రం మీ చేత్తో మీరే తీయండి.